గసగసాల గింజలో సగం: ప్రాజెక్టు డైరీ

నవంబర్ రెండో వారం, ఆగుంబె (కర్ణాటక)

వానలు తగ్గాయి, ఇక రావచ్చు అన్నారు. వచ్చి మూడు రోజులైంది, ఒక్క పూట తెరిపివ్వలేదు. ఏడాదికి 7 వేల మిల్లీమీటర్ల పైన కురిసే ఊళ్లో "తగ్గడం" అన్న మాటకి అర్థమే వేరు. మా గోదావరి వైపు ఇలాంటి వాన పడితే తుఫాను అంటాం, స్కూళ్లకి సెలవిస్తారు. ఇక్కడ గొడుగేసుకుని పాలకి వెళ్తారు.

నా పని పళ్లాలు పెట్టడం. పీహెచ్‌డీ అని చెప్పుకుంటాం గానీ పరికరం ఇంతే: బజార్లో దొరికే పసుపు రంగు ప్లాస్టిక్ పళ్లెం, సగానికి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, గుప్పెడు ఉప్పు. చిన్న చిన్న కందిరీగల్లో చాలావాటికి పసుపు రంగంటే మోజు, వచ్చి వాలతాయి. ఉత్త నీళ్లయితే పైన తేలి, కాళ్లు విదుల్చుకుని ఎగిరిపోతాయి. సబ్బు కలిస్తే నీటి పైపొర పట్టు సడలి మునిగిపోతాయి. ఉప్పు అవి తొందరగా కుళ్లకుండా. అడవిలో చెట్ల కింద నేల మీద వరసగా 40 పళ్లాలు, 24 గంటలు.

మొదటి రెండు రోజుల దిగుబడి సున్నా. వాన నీళ్లు నిండి పొర్లి, పడ్డవన్నీ ఆకుల్లోకి కొట్టుకుపోయాయి. ఏడుపొకటే తక్కువ నాకు. నాతో అడవికి వచ్చే అణ్ణ ఏమీ అనకుండా వెళ్లి, వక్కతోటలో రాలిపడిన హాళెలు ఒక మోపు మోసుకొచ్చాడు. హాళె అంటే వక్కాకు మొదట్లో ఉండే వెడల్పాటి మట్ట. వీళ్లు దాంతో టోపీలు కుట్టుకుంటారు, పళ్లాలు చేసుకుంటారు. ఒక్కో పళ్లేనికి అటూ ఇటూ పుల్లలు పాతి, జానెడు ఎత్తులో హాళె బోర్లించాడు, గుడిసె కప్పులాగా. వాన పక్కలకి జారిపోయింది, పురుగులు రావడానికి చుట్టూ సందు మిగిలింది. పేపర్లో "పద్ధతులు" అనే చోట దీన్ని ఏమని రాయాలో ఇంకా తేల్చుకోలేదు.

వడకట్టడం ఇంకో తంటా. టీ వడపోసే జాలీ అయితే నాకు కావలసినవి కన్నాల్లోంచి హాయిగా వెళ్లిపోతాయి. అందుకని చిరిగిన ఆర్గంజా చున్నీ ముక్క ఒకటి జాలీ మీద బిగించి, పళ్లెం తర్వాత పళ్లెం అందులో ఒంపుతున్నాను. మిగిలిన ముద్ద 95 శాతం ఆల్కహాల్ ఉన్న సీసాలోకి వెళ్తుంది. లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ. పెన్నుతో రాస్తే సిరా ఆల్కహాల్‌లో కరిగి, నెల తిరిగేసరికి తెల్ల కాగితం మిగులుతుంది. ఊరు, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, తేదీ, దేంతో పట్టాం, ఎవరు పట్టారు. ఈ చీటీ పోతే లోపల ఎంత అపురూపమైనది ఉన్నా చెత్తతో సమానం.

ఇవాళ జలగల లెక్క 11. ఇక్కడ ఇంబళ అంటారు. మేజోళ్లకి పొగాకు పొడి రాసుకున్నా ఏదో ఒకటి దారి కనుక్కుంటోంది.

జనవరి, బెంగళూరు

అడవిలో పని ఆరు రోజులు, దాన్ని ఏరుకోవడం ఆరు వారాలు. ఒక్కో సీసాని పెట్రీ డిష్‌లో ఒంపి మైక్రోస్కోపు కింద పెడితే ఈగలు, చీమలు, పేడపురుగుల బుల్లి చుట్టాలు, విరిగిన కాళ్లు, ఊడిన రెక్కలు. జల్లెడలో రాళ్లేరుతున్నట్టే ఉంటుంది, రాయికి బదులు నూక వెతుకుతున్నాం అంతే.

17వ నంబరు సీసాలో బుధవారం మధ్యాహ్నం భోజనం ముందు ఒక నలక కనిపించింది. సూదితో పక్కకి నెట్టబోయాను. నలకకి మీసాలున్నాయి.

కొలిస్తే 0.42 మిల్లీమీటర్లు. గసగసాల గింజలో సగం కూడా లేదు. ముఖం మీద ముదురు రంగు గీతలు, ఇంగ్లీషు హెచ్ అక్షరంలా. ఆ గీతలు చూస్తే కుటుంబం మటుకు తెలిసిపోతుంది: మైమారిడే. ఇంగ్లీషులో ముద్దుగా ఫెయిరీ ఫ్లై అంటారు గానీ ఇది ఈగ కాదు, కందిరీగల వర్గం. ప్రపంచం మొత్తం మీద ఇప్పటిదాకా పేరు పెట్టినవి సుమారు 1400 జాతులు. అన్నీ చిన్నవే. అమెరికాలోని ఇల్లినాయ్‌లో దొరికి 1997లో వర్ణించిన ఒక జాతిలో మగది 0.139 మిల్లీమీటర్లు. స్కూల్లో బొమ్మ గీసిన పరమీషియం గుర్తుందా, ఒకే ఒక్క కణం? దానికన్నా చిన్నది, ఈ పురుగుకి మాత్రం కాళ్లూ నాడులూ కండరాలూ అన్నీ ఉన్నాయి.

రెక్క గురించి రాయకుండా ఈ రోజు ముగించలేను. మనం రెక్క అనుకునే పొర ఇందులో దాదాపు లేదు. సన్నటి కాడ ఒకటి, వెనక్కి కొద్దిగా వంగి ఉంటుంది, దానికి అంచు చుట్టూ పొడవాటి వెంట్రుకలు. నెమలీక చివర కన్నూ రంగూ తీసేసి, ఈనె, పీచు మాత్రం మిగిల్చినట్టు. దీంతో గాలి ఎలా కొడుతుందని అడగబుద్ధేస్తుంది. కొట్టడం కాదు, ఈదడం. ఇంత చిన్న ఒంటికి గాలి మనకున్నంత పల్చగా ఉండదు, బెల్లం పాకంలా పట్టుకుంటుంది. వెంట్రుకల మధ్య సందుల్లోంచి పాకం జారదు కదా, అందుకే ఆ కుచ్చు నిండు రెక్క చేసే పని చేస్తుంది, బరువు మాత్రం ఉండదు.

సాయంత్రానికి మూడు దొరికాయి. వారం తిరిగేసరికి తొమ్మిది. అన్నీ ఆడవే.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఆత్రేయపురం దగ్గర మూడెకరాలు చేస్తాడు.

"ఏం తింటదమ్మలూ అది?"

"పెద్దయ్యాక పెద్దగా ఏం తినదు నాన్నా. వేరే పురుగు గుడ్డులో గుడ్డు పెడుతుంది. పిల్ల ఆ గుడ్డు లోపలే తిని, లోపలే పెరిగి, రెక్కలొచ్చాక పెంకు కొరుక్కుని బయటికొస్తుంది."

"అంటే మన ట్రైకో కార్డు పురుగు లాంటిదే కదా!"

అదీ మా నాన్న. నేను రెండేళ్లు కోర్సువర్క్ చేసి నేర్చుకున్నది ఆయన చెరకుతోటకి కట్టిన అట్టముక్కతో పోల్చి తేల్చేశాడు. నిజానికి తప్పు లేదు. పంట తినే పురుగుల్ని అణచడానికి కార్డుకి 20 వేల దాకా గుడ్లంటించి అమ్మే ట్రైకోగ్రామా వేరే కుటుంబం గానీ, దూరపు చుట్టరికం ఉంది. ఇంకా దగ్గరివాళ్లు మా చేలోనే ఉన్నారు: వరికి దోమపోటు తెచ్చే దోమ గుడ్లలో పెరిగే అనాగ్రస్ కూడా మైమారిడేనే. నాన్న దాన్ని ఎప్పుడూ చూసి ఉండడు. చూసినా నలకే అనుకుంటాడు.

ఫిబ్రవరి

స్లైడ్లు చేయడం మొదలు. ఈ నెలంతా ఒంటికి లవంగాల వాసన.

పురుగు ఆల్కహాల్‌లో ఉన్నంతకాలం నల్లటి చుక్క. లోపలి కండ కరగాలి, పైతొడుగు మిగలాలి. దానికి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, కడిగి, మెల్లమెల్లగా చిక్కటి ఆల్కహాల్‌లోకి మార్చి, తర్వాత లవంగ నూనెలో వేస్తాం. నూనెలో అది గాజులా తేటపడుతుంది. అప్పుడు కెనడా బాల్సం, అంటే ఒక రకం దేవదారు జాతి చెట్టు బంక, చుక్క వేసి అందులో విడదీసి అమర్చాలి. తల ఒక చోట, రెక్కలు ఒక చోట, ఒళ్లు ఒక చోట, ఒక్కో దాని మీద బుల్లి గాజు పలక. నూరేళ్ల కిందట చేసిన బాల్సం స్లైడ్లు ఇప్పటికీ బాగున్నాయి కాబట్టి ఇంకా ఆ బంకనే నమ్ముకున్నాం. మా మామ్మ పంటినొప్పికి దూదిలో ముంచి పెట్టుకునేది ఈ నూనే. ల్యాబ్‌లోకి ఎవరొచ్చినా బిర్యానీ ఎక్కడ అని అడుగుతున్నారు.

విడదీయడానికి వాడేది అగ్గిపుల్లకి గుచ్చిన సన్న సూది. ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి, మాట్లాడకూడదు. ఊపిరి కూడా పక్కకి తిరిగి వదలాలి. మూడో స్లైడ్ చేస్తుంటే ఎవరో తలుపు తీశారు. ఎడమ మీసం పోయింది. ఎగిరిపోయిందో, సూదికి అంటుకుందో, నా మోచేతి కింద ఉందో. గంటన్నర వెతికాను. బల్ల మీద పడ్డ దుమ్మంతా మైక్రోస్కోపు కింద చూశాను. ఆ గంటన్నరలో నాకు తెలిసిందేమిటంటే మా ల్యాబ్ బల్ల శుభ్రంగా ఉండదు.

తొమ్మిదిలో ఒకటి ఒంటి మీసందైంది. తలుపు మీద ఇప్పుడు కాగితం అంటించాను: "తెరవకండి. కొట్టకండి కూడా."

మార్చి

సిగ్గుపడాల్సిన నెల. అయినా రాస్తాను, డైరీ పెట్టుకున్నది ఇందుకే కదా.

పురుగు ఏ ప్రజాతిదో, అంటే దగ్గరి జాతుల ఏ గుంపుదో, తేల్చాలంటే కీ పట్టుకుని నడవాలి. కీ అంటే వరస ప్రశ్నలు. పాదానికి కణుపులు నాలుగా, ఐదా? ఐదైతే ఫలానా ప్రశ్నకి పో. మీసానికి కణుపులెన్ని? ఇలా దారి విడిపోతూ చివరికి ఒక పేరు దగ్గర ఆగుతుంది. మన ప్రాంతపు మైమారిడే ప్రజాతులకి 1983లో బి.ఆర్. సుబ్బారావు, మహమ్మద్ హయత్ కలిసి కీ రాశారు. మొదటిసారి ఆ పేరు చూసినప్పుడు, ఎక్కడో ఇంగ్లీషు కాగితాల గుట్టలో ఒక సుబ్బారావు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

పాదానికి ఐదు. అక్కడిదాకా బాగానే ఉంది. మీసం దగ్గరికి వచ్చేసరికి నడుమ భాగంలో ఆరు కణుపులు లెక్కపెట్టాను. ఆరు అనుకుని ముందుకి వెళ్తే కీ ఎటూ పోదు. ఏ ప్రజాతికీ సరిపడదు. మళ్లీ లెక్కపెట్టాను, ఆరు. మూడు వారాలు ఆరు. అప్పుడు బుర్రలో పురుగు తిరగడం మొదలైంది: ఇది కొత్త జాతి కాదు, ఏకంగా కొత్త ప్రజాతి! పేరు కూడా అనేసుకున్నాను. ఒక రాత్రి నిద్రపట్టలేదు.

మా సార్ స్లైడ్ తీసుకుని, వంద రెట్ల లెన్సు తిప్పి, నూనె చుక్క వేసి, ఫోకస్ మెల్లగా ఆడిస్తూ రెండు నిమిషాలు చూశారు. "మొదటి కణుపు తర్వాత ఉంగరం కనిపించిందా?" అన్నారు. లేచి నాకు కుర్చీ ఇచ్చారు.

ఉంది. రెండు లావు గాజుల మధ్య ఇరుక్కున్న సన్న గాజులాగా, పొడవు కన్నా వెడల్పు ఎక్కువగా, పక్కదాని నీడలో దాక్కుని ఒక కణుపు. ఫోకస్ ఒక గీత పైకి జరిపితే మాయం, కిందికి జరిపితే ప్రత్యక్షం. ఆరు కాదు, ఏడు. రెండో కణుపు ఉంగరంలా ఉండటమే కాంప్టోప్టెరా అనే ప్రజాతి ఆనవాలు. 1856 నుంచీ ఉన్న పేరది. గ్రీకులో వంగిన రెక్క అని అర్థం. రెక్క వంగి ఉందని నేనే జనవరిలో రాసుకున్నాను!

నా కొత్త ప్రజాతి అలా రెండు నిమిషాల్లో పోయింది. సార్ నవ్వలేదు, అదే ఎక్కువ బాధ.

ఏప్రిల్

డీఎన్ఏ. పురుగుని నూరకుండా చేసే పద్ధతి వాడాం: ఎంజైమ్ కలిపిన ద్రావణంలో రాత్రంతా 56 డిగ్రీల దగ్గర ఉంచితే లోపలిది కరిగి ద్రావణంలోకి వస్తుంది, ఖాళీ తొడుగు మనకి స్లైడ్‌కి మిగులుతుంది. ఒకే పురుగు రెండు పనులకి వస్తుంది. తొమ్మిదే ఉన్నవాళ్లకి ఇది వరం.

కావలసింది సీఓఐ అనే జన్యువులో 658 అక్షరాల ముక్క. జంతువులకి బార్‌కోడ్ అంటారు. వరస బయటి ల్యాబ్ నుంచి వచ్చింది. చక్కటి గ్రాఫు, స్పష్టమైన శిఖరాలు. ఆనందంగా డేటాబేస్‌లో వేసి పోల్చాను. 99 శాతం సరిపోయింది.

కందిరీగతో కాదు. వోల్బాకియాతో.

వోల్బాకియా ఒక బ్యాక్టీరియా. 1924లో మొదట క్యూలెక్స్ దోమల్లో చూశారు. కీటకాల కణాల లోపలే కాపురం, తల్లి గుడ్డు ద్వారా పిల్లకి వెళ్తుంది. మనం పురుగు జన్యువు కోసం వేసిన గాలానికి ఒక్కోసారి ఇది తగులుతుంది. ఇంటికి ఫోన్ చేస్తే అద్దెకున్నవాళ్లు ఎత్తినట్టు.

రెండో పురుగుతో, వేరే ప్రైమర్లతో, అంటే వేరే గాలాలతో, మళ్లీ చేస్తే అసలు ఓనరు దొరికింది. డేటాబేస్‌లో దానికి దగ్గరి పోలిక 90 శాతం కూడా లేదు. అంటే కొత్తదని కాదు. ఈ కుటుంబంలో పేరున్న జాతుల్లోనే చాలావాటికి బార్‌కోడ్ లేదు. పోల్చడానికి అవతల ఎవరూ లేనప్పుడు పోలిక కుదరలేదంటే ఏం లాభం?

కానీ ఆ అద్దెదారు వదలడం లేదు నన్ను. ట్రైకోగ్రామాలో కొన్నింటికి వోల్బాకియా సోకితే మగవి లేకుండానే ఆడవి ఆడపిల్లల్నే కంటూ పోతాయి. యాంటీబయాటిక్ పెడితే మళ్లీ మగవి పుట్టడం మొదలవుతుంది. 1990లోనే చూపించారు. నా తొమ్మిదీ ఆడవి. కావచ్చు. లేదా మగవాటికి పసుపు రంగు నచ్చకపోవచ్చు. తొమ్మిది పురుగులతో సిద్ధాంతాలు కట్టకూడదని పక్కన పెట్టాను, పక్కన పెట్టినట్టు నటిస్తున్నాను.

మే, జూన్

అసలు పని ఇప్పుడు. ఇది కొత్తదని ఎవరైనా అనగలరు. ఇప్పటికే పేరున్న ఏ ఒక్కదీ కాదని చూపించడంలోనే ప్రాణం పోతుంది.

జంతువుల పేర్ల లెక్క 1758 నుంచి మొదలు. ఆ తర్వాత ఎవరు ఏ భాషలో, ఏ మూల పత్రికలో నాలుగు లైన్లు రాసి పేరు పెట్టినా ముందు పెట్టిందే చెల్లుతుంది. అందుకని కాంప్టోప్టెరా గురించి రాసినవన్నీ ముందేసుకు కూర్చున్నాను. జర్మన్‌కి ఫోన్‌లో అనువాద యాప్. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో జాన్ నోయ్స్ కట్టిన కాల్సిడ్ (ఈ బుల్లి కందిరీగల వర్గం) డేటాబేస్ లేకపోతే ఈ జాబితా వేయడానికే ఏడాది పట్టేది.

ఎక్కువ చుక్కలు చూపించింది గిరో. అలెగ్జాండర్ ఆర్సీన్ గిరో అమెరికాలో పుట్టి ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అడవుల్లో పనిచేసి 1941లో పోయాడు. ఒక్కడే వేల జాతులకి పేర్లు పెట్టాడు. ఏ పత్రికా వేసుకోకపోతే సొంత డబ్బుతో అచ్చేసి పంచేవాడు. తన పై అధికారి మీద కోపంతో లేని పురుగుకి ఆయన పేరు తగిలించి, దానికి తలే లేదని వర్ణన రాసిన ఘనుడు. అది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత అదే మనిషి నాకు కావలసిన జాతిని బొమ్మ లేకుండా రెండు వాక్యాల్లో తేల్చేశాడని చూసి నవ్వు ఆగిపోయింది. వాక్యాలతో పని కాదు, టైప్ స్లైడ్ చూడాలి, అంటే పేరు పెట్టినప్పుడు ఆధారంగా ఉంచిన అసలు స్లైడ్. ఆయన స్లైడ్లు బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ మ్యూజియంలో ఉన్నాయి. మెయిల్ పెట్టాను. ఐదు వారాలకి ఫొటోలు వచ్చాయి. గిరో ఒకే గాజు పలక కింద రెండు మూడు రకాల పురుగుల్ని అప్పడంలా నొక్కి పెట్టాడు. వాటిలో ఏది ఏదో గుర్తుపట్టడానికి రెండు రోజులు.

కాదు. దాని ముందు రెక్క మీద వెంట్రుకలు రెండు వరసలు, నాదానికి ఒకటే వరస, అది కూడా రెక్క చివరి మూడో వంతులోనే. మీసం మూడో కణుపు దానిది పొట్టి, నాది సన్నం, పొడవు. నాకున్న ఎనిమిదిన్నర పురుగుల్లో (ఒంటి మీసందాన్ని సగం లెక్కేశాను) ఈ రెండు గుర్తులూ ఒక్కదాంట్లో కూడా తప్పలేదు.

మధ్యలో ఒక వెర్రి పని. కొలతల పట్టిక అంతా అయ్యాక చూస్తే రెక్క ఒంటికన్నా రెండింతలు వచ్చింది. ఇంత పెద్ద రెక్కలు మోసుకుని అది ఎక్కడికి పోతుంది? ఒక లెన్సుకి పెట్టిన స్కేలుని ఇంకో లెన్సుతో తీసిన ఫొటోలకి వాడాను. 10 మైక్రాన్ల గీతలున్న గాజు స్కేలు పెట్టి మొత్తం మొదటి నుంచి కొలిచాను. 212 కొలతలు. శని, ఆదివారాలు అలా వెళ్లాయి.

జులై

పేరు.

ఇంట్లో అందరికీ అభిప్రాయాలున్నాయి. నాన్న: "గోదావరి పెట్టమ్మలూ." అది గోదావరి మొహం చూడలేదు నాన్నా. మామ్మ: "నీ పేరే పెట్టుకో, కష్టపడింది నువ్వు." నిబంధనల్లో ఎక్కడా కూడదని లేదు గానీ, సొంత పేరు పెట్టుకుంటే ఈ రంగంలో జీవితాంతం వెనక నవ్వుతారు. తమ్ముడు ఒక హీరో పేరు చెప్పాడు. వాడితో మాట్లాడటం మానేశాను.

వ్యాకరణం కూడా ఒక చిక్కు. కాంప్టోప్టెరా స్త్రీలింగం. రెండో పేరు లాటిన్ విశేషణమైతే అది కూడా స్త్రీలింగంలోకి మారాలి. నామవాచకం పెడితే మార్చక్కర్లేదు. చివరికి నేను ఎంచుకున్నది కన్నడ మాట, నామవాచకం. వాన నుంచి పళ్లాలు కాపాడినదానికి సంబంధించింది, అంతవరకే. పేపర్ అచ్చయ్యే ముందు పేరు రాతలో బయటపెట్టకూడదు. ఎక్కడైనా ముందే పొక్కితే గందరగోళం. అణ్ణకి ఫోన్ చేసి అడిగాను, అభ్యంతరం లేదు కదా అని. "అదానికి పేరెందుకు మేడమ్?" అన్నాడు.

ఆగస్టు

వర్ణన రాయడం ఒక వింత భాష. క్రియలుండవు. "తల ముదురు గోధుమ. కాళ్లు లేత పసుపు. పైనుంచి చూస్తే తల వెడల్పు పొడవుకి 2.1 రెట్లు." పెళ్లి చూపుల్లో అబ్బాయి తరపు పెద్దమ్మ రాసుకున్న నోట్సులా ఉంటుంది.

తొమ్మిదిలో ఒకటి హోలోటైప్. ఇకమీద ఈ పేరు ఏ పురుగుదని ఎవరికైనా అనుమానం వస్తే చూడాల్సింది ఆ ఒక్క స్లైడ్‌నే. రెండు మీసాలూ సరిగ్గా పరుచుకున్నది, ఉంగరం కణుపు సూటిగా కనిపించేది ఎంచాను. దానికి ఎర్ర లేబుల్. మిగతావాటికి పసుపు లేబుళ్లు, అవి పారాటైపులు, అంటే తోడు నమూనాలు. 1999 తర్వాత వచ్చే పేరుకి హోలోటైప్ ఇదీ అని, ఏ సంగ్రహంలో ఉంటుందీ అని పేపర్లో చెప్పి తీరాలి. ఆన్‌లైన్ పత్రికైతే జూబ్యాంక్ అనే జంతువుల పేర్ల రిజిస్టరులో నమోదు కూడా, అది 2012 నుంచి.

సెప్టెంబర్ మూడో వారం

ఇద్దరు సమీక్షకులు. మొదటివారికి కామాలతో గొడవ. రెండోవారు ఒకే ప్రశ్న అడిగారు: "మగది ఎక్కడ?" నాకూ తెలిస్తే బాగుండు. ఆడవాటితోనే వర్ణించిన జాతులు ఈ ప్రజాతిలో ఉన్నాయని చూపించి, వోల్బాకియా సంగతి ఒక్క వాక్యంలో పెట్టి, తెలియదని రాశాను. ఒప్పుకున్నారు. స్లైడ్ల రిజిస్ట్రేషన్ నంబరు వస్తే పేపర్ ముందుకెళ్తుంది.

2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి దొరికితే నిర్దేశించిన సంస్థకి తెలియజేసి నమూనాలు అప్పగించాలి. నావి కోల్‌కతా జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి వెళ్లాలి. కొరియర్‌లో పగిలిన స్లైడ్ల కథలు విన్నాక ధైర్యం చాల్లేదు. హౌరా రైలుకి టికెట్ తీశాను.

అక్టోబర్, రైల్లో

చెక్క పెట్టెలో స్లైడ్లు, పెట్టె స్వెటర్లో, స్వెటర్ బ్యాగులో, బ్యాగు ఒళ్లో. కింది బెర్తు పెద్దాయన రెండుసార్లు అడిగాడు, నగలా అమ్మా అని.

అర్ధరాత్రి దాటాక కొవ్వూరు పోయింది, వంతెన మొదలైంది. చప్పుడు మారగానే లేచాను. చీకట్లో గోదావరి ఉందని తెలుస్తుంది, కనపడదు. రాజమండ్రిలో రైలు ఆగేసరికి నాన్న బోగీ తలుపు దగ్గరే ఉన్నాడు. మఫ్లర్, చేతిలో పూతరేకుల పెట్టె, ఇంకో చేతిలో తడి గోనెగుడ్డ చుట్టిన మూట.

"ఏదీ, చూపించు."

"ఇప్పుడా? రైలు కదులుతుంది నాన్నా."

"అందుకే తొందరగా."

తలుపు దగ్గరే పెట్టె తెరిచి, ఎర్ర లేబుల్ స్లైడ్ రెండు వేళ్లతో పట్టుకుని, ఆయన ఫోన్ టార్చి వెనక పెట్టాను. గాజు మీద నాలుగు బుల్లి పలకలు, ఒక్కో దాని కింద లేత గోధుమరంగు చుక్క. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, ముక్కు గాజుకి ఆనేంత దగ్గరకొచ్చాడు. నేను స్లైడ్ కొంచెం వెనక్కి లాక్కున్నాను, అలవాటు, ఊపిరి తగులుతుందని.

"ఇదేనా?"

"అది తల. పక్కది రెక్కలు."

"పది నెలలు దీనికోసమేనా అమ్మలూ?" వెక్కిరింపు లేదు ఆ గొంతులో, ధాన్యం బస్తాకి రేటెంత అని అడిగినట్టే అడిగాడు. అవునన్నాను. పేరేం పెట్టావని అడిగితే చెవిలో చెప్పాను. నోటిమాటగా చెబితే ప్రచురణ కిందకి రాదు. ఒకసారి తనలో తను అనుకుని, "బాగుంది, కన్నడమా?" అన్నాడు.

కూత వేశాక మూట నా చేతిలో పెట్టాడు. "మన చేలోవి నాలుగు దుబ్బులు. దోమ పట్టింది. మందు కొట్టమంటున్నారందరూ. నీ పురుగు చుట్టాలు ఉన్నారేమో చూసి చెప్పు, ఉంటే రెండ్రోజులు ఆగుతా."

పై బెర్తు మీద పడుకుని, నోట్లో టార్చి పెట్టుకుని, వరి పిలక ఆకు తొడుగు గోటితో చీల్చాను. దోమ గుడ్లు ఈనె పక్కన వరసగా, చిన్న అరటి హస్తంలా. లెన్సు ఆనించాను. తెల్లవి ఏడు. మూడు మాత్రం ఎర్రగా ఉన్నాయి, లోపలి దోమ పిల్ల కంటిచుక్క కాదు, గుడ్డంతా. అనాగ్రస్ పిల్ల లోపలుంటే అలాగే ఉంటుంది. ఇంకో తొడుగు చీల్చాను. పదకొండుకి ఐదు.

నాన్న ఫోన్ ఎత్తలేదు, బండి మీద ఉంటాడు. మెసేజ్ పెట్టాను: "ఉన్నారు. కొట్టకు."